అరవై నిండినంత మాత్రాన ఛార్జీలు ఆగవు

పింఛను తప్ప వేరే రాబడి లేని పెద్దవారి పాస్‌బుక్కులో పద్దులు వేయించి నిదానంగా చదివితే, జమల మధ్య చిన్న చిన్న కోతలు కనిపిస్తాయి. ఒకచోట రూ.27.14, మరోచోట రూ.17.70, ఇంకోచోట రూ.42.48 అని ఉంటుంది. పక్కన పొడి అక్షరాల్లో అచ్చయ్యే వివరణ చదివినా ఎందుకు కోశారో చాలామందికి అంతుపట్టదు. ఆ గుట్టు విప్పేవి చివరనున్న పైసలే. బ్యాంకు ఛార్జీల మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది కాబట్టి, కోసిన మొత్తాన్ని 1.18తో భాగిస్తే అసలు ఛార్జీ ఎంతో తేలిపోతుంది. రూ.27.14లో అసలు రూ.23; ఉచిత పరిమితి దాటిన ఒక్కో ఏటీఎం లావాదేవీకి 2025 మే 1 నుంచి బ్యాంకులు వసూలు చేయగల గరిష్ఠ రుసుము అది. రూ.17.70లో అసలు రూ.15, దాని వెనుక పెద్ద కథే ఉంది, ముందు ముందు చెప్పుకుందాం. రూ.42.48లో అసలు రూ.36, కనీస నిల్వ తగ్గినందుకు పడే రుసుము సాధారణంగా ఇలాంటి అంకెల్లోనే ఉంటుంది.

కోత ఏదైనా ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: సీనియర్ సిటిజన్ ఖాతాకు కూడా ఛార్జీలు వేస్తారా? వేస్తారు, వేయవచ్చు కూడా. మన దేశంలో రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం వయసును బట్టి దక్కే హక్కులు వేరు, ఖాతా రకాన్ని బట్టి దక్కే మినహాయింపులు వేరు, బ్యాంకు తనంతట తాను ఇచ్చే రాయితీలు వేరు. వయసు వల్ల దక్కేది ఎక్కువగా సేవల్లో సౌకర్యం. ఛార్జీల నుంచి గట్టి రక్షణ కావాలంటే అది ఖాతా రకం నుంచే రావాలి, ఆ రకం ఖాతా మాత్రం అడిగితే తప్ప రాదు. ఈ మూడింటినీ ఒకే మూటగా కట్టి చూడడం వల్లనే ఖాతాదారుడు ఒకటి అనుకుంటే బ్యాంకు ఇంకొకటి చేస్తుంటుంది.

అన్ని దేశాల్లోనూ ఇదే పద్ధతి ఉందనుకోనక్కరలేదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో నడిచే బ్యాంకులు 65 ఏళ్లు నిండినవారి చెకింగ్ ఖాతాపై (రోజువారీ లావాదేవీలకు వాడే ఖాతా) నెలవారీ నిర్వహణ రుసుము వేయకూడదు, కనీస నిల్వ అడగకూడదు. అక్కడ చట్టం నేరుగా వయసునే చూస్తుంది. న్యూయార్క్ చట్టం వయసు జోలికి పోకుండా, ఎవరైనా తెరుచుకోగల ప్రాథమిక ఖాతాకు నెలకు 3 డాలర్లు మించకుండా రుసుము కట్టడి చేసింది. పిల్లల దగ్గరికి వెళ్లి అక్కడే స్థిరపడిన మన పెద్దవారు ఏ రాష్ట్రంలో ఉన్నారో, వారి బ్యాంకుకు అనుమతి రాష్ట్రానిదో కేంద్రానిదో చూసుకోక తప్పదు. మన పద్ధతి న్యూయార్క్ దారికి దగ్గరగా ఉంటుంది.

మన దగ్గర ఆ ప్రాథమిక ఖాతా పేరు బేసిక్ సేవింగ్స్ బ్యాంక్ డిపాజిట్ ఖాతా. జనం నోట అది ‘జీరో బ్యాలెన్స్ ఖాతా’. 2005 నవంబరులో రిజర్వు బ్యాంకు హంగులు లేని ఖాతాలు తెరవమని బ్యాంకులకు సూచించడంతో దీనికి బీజం పడింది. 2012 ఆగస్టు 10న ఇచ్చిన ఉత్తర్వుతో ఇప్పటి పేరూ రూపమూ వచ్చాయి. 2014 ఆగస్టు 28న మొదలైన ప్రధానమంత్రి జన్‌ధన్ యోజన కింద తెరిచినవి కూడా ఈ కోవలోవే. జన్‌ధన్ ఖాతాలకు బీమా ఉన్న రూపే కార్డు, అర్హతను బట్టి రూ.10,000 వరకు ఓవర్‌డ్రాఫ్టు (ఖాతాలో డబ్బు లేకున్నా వాడుకోగల అప్పు) అదనంగా ఉంటాయి. ఆ ఓవర్‌డ్రాఫ్టుకు వయో పరిమితి 65 ఏళ్లు. అవసరం ముదిరే వయసుకే ఆ తలుపు మూసుకుపోవడం విడ్డూరమే.

ఈ ఖాతా గురించి మధ్యతరగతి ఇళ్లలో పాతుకుపోయిన అపోహ ఒకటుంది. ఇది పేదవారికే ఇస్తారని, తెల్లకార్డు ఉండాలని, ఉద్యోగం చేసి విరమించినవారికి వర్తించదని అనుకుంటారు. రిజర్వు బ్యాంకు అలాంటి షరతు ఏదీ పెట్టలేదు. ఇది అందరికీ అందుబాటులో ఉండవలసిన మామూలు బ్యాంకింగ్ సేవ అనీ, వయసు, ఆదాయం వంటి అర్హతలు పెట్టి ఎవరినీ వెనక్కి పంపకూడదనీ స్పష్టంగానే చెప్పింది. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడైనా, కౌలు రైతైనా, ఎకరాల కొద్దీ పొలమున్న ఆసామి అయినా అడిగితే ఇవ్వవలసిందే. ఆ బ్యాంకులోనే ఫిక్సెడ్ డిపాజిట్లూ రికరింగ్ డిపాజిట్లూ పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు.

అయితే రెండు షరతులున్నాయి. ఈ ఖాతా ఉన్న బ్యాంకులో మరో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు. ముందే ఉంటే, ఇది తెరిచిన 30 రోజుల్లో పాతదాన్ని మూసేయాలి. వేరే బ్యాంకులో ఇలాంటి ప్రాథమిక ఖాతా లేదని కూడా రాసి ఇవ్వాలి. ఎప్పుడో ఊళ్లో శిబిరం పెట్టినప్పుడు తెరిచి మరిచిపోయిన జన్‌ధన్ ఖాతా చాలామంది పెద్దవారికి ఉంటుంది. పింఛను పడే బ్యాంకులో ఈ సదుపాయం అడిగే ముందు ఆ పాత పాస్‌బుక్కు ఎక్కడుందో వెతికి దాని సంగతి తేల్చుకోవాలి.

ఈ ఖాతాలో ఏవి ఉచితమన్నది ఒక్కసారిగా స్థిరపడిన విషయం కాదు. 2012 నాటి ఉత్తర్వు కనీస నిల్వ లేకుండా జమ, ఏటీఎం కార్డు, నెలకు నాలుగు విత్‌డ్రాలు ఇచ్చింది. 2019 జూలై 1 నుంచి అమలైన సవరణ ఆ నాలుగునూ ‘కనీసం నాలుగు’గా మార్చింది. జమల సంఖ్య మీదా మొత్తం మీదా పరిమితి ఉండకూడదని చెప్పింది. చెక్కుబుక్కు వంటి అదనపు సేవలు బ్యాంకు ఇవ్వవచ్చని, వాటికి ధర పెట్టుకోవచ్చని, అయితే అవి ఇచ్చామనే సాకుతో కనీస నిల్వ అడగకూడదని కూడా తేల్చింది. ఆ ‘నాలుగు’ అనే అంకె దగ్గరే అసలు తగువు పుట్టింది. నాలుగు విత్‌డ్రాలంటే నగదు తీసుకోవడమేనా, లేక దుకాణంలో కార్డు గీకినా, యూపీఐతో పాలవాడికి పంపినా అదీ ఒక విత్‌డ్రాయేనా?

చాలాకాలం కొన్ని బ్యాంకులు రెండో అర్థాన్నే పట్టుకున్నాయి. మొదట చెప్పిన రూ.17.70 కథ ఇదే. స్టేట్ బ్యాంకు ఈ ప్రాథమిక ఖాతాల్లో నెలకు నాలుగు దాటిన ప్రతి డెబిట్ లావాదేవీకీ ఆ మొత్తం కోసిందని, 2015 నుంచి 2020 వరకు సుమారు 12 కోట్ల ఖాతాల నుంచి అలా రూ.300 కోట్లకు పైగా వసూలైందని ఐఐటీ బొంబాయిలో జరిగిన అధ్యయనం ఒకటి 2021లో పత్రికలకెక్కింది. పదిహేను రూపాయలంటే చిన్న మొత్తమే అనిపిస్తుంది. కానీ రెండు వేల రూపాయల పింఛనులో నుంచి నెలకు నాలుగైదు సార్లు పోతే అది మందుల ఖర్చులో కొంత భాగం. ఈలోగా ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు 2020 ఆగస్టు 30న బ్యాంకులకు ఒక ఆదేశమిచ్చింది. రూపే డెబిట్ కార్డు, యూపీఐ వంటి నిర్దేశిత పద్ధతుల్లో జరిగిన చెల్లింపులపై ఆ ఏడాది జనవరి 1 నుంచి వసూలు చేసిన ఛార్జీలను తిరిగి ఇవ్వాలని, ఇకపై వేయకూడదని దాని సారాంశం. దానితో డిజిటల్ చెల్లింపుల మాట కొంత తేలింది కానీ, ప్రాథమిక ఖాతా నిర్వచనంలోనే ఉన్న ఆ సందిగ్ధత అలాగే మిగిలింది.

దాన్ని 2025 డిసెంబరు 4న రిజర్వు బ్యాంకు జారీ చేసిన సవరణ సరిచేసింది. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే ఆ నిబంధనల ప్రకారం, స్వైపింగ్ యంత్రం, యూపీఐ, ఖాతా నుంచి ఖాతాకు సొమ్ము పంపే ఐఎంపీఎస్, నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ పద్ధతుల ద్వారా చేసే చెల్లింపులు ఆ నాలుగు విత్‌డ్రాల లెక్కలోకి రావు. ఏటీఎం కార్డుకు వార్షిక రుసుము ఉండదు. ఏడాదికి కనీసం 25 చెక్కులు, ఇంటర్నెట్, మొబైల్ బ్యాంకింగ్, పాస్‌బుక్కు లేదా నెలవారీ స్టేట్‌మెంటు ఉచిత సేవల్లో చేరాయి. ఇంతవరకు చెక్కుబుక్కు ఉండదనే భయంతోనే ఈ ఖాతా వద్దనుకున్న విశ్రాంత ఉద్యోగులకు ఇప్పుడు ఆ అభ్యంతరం తొలగినట్టే. మామూలు సేవింగ్స్ ఖాతా ఉన్నవారు రాతపూర్వకంగా కోరితే ఏడు రోజుల్లో దాన్ని ప్రాథమిక ఖాతాగా మార్చాలన్నది కూడా ఇందులో ఉంది. నా దృష్టిలో మిగతా అన్నింటికన్నా విలువైన వాక్యం ఇదే. కొత్త ఖాతా తెరిస్తే నంబరు మారుతుందని, పింఛను ఆగిపోతుందని భయపడి ఏళ్ల తరబడి ఛార్జీలు భరించినవారికి, ఉన్న ఖాతానే మార్పించుకోవడం చాలా తేలికైన దారి.

మార్చుకోకుండా మామూలు సేవింగ్స్ ఖాతాలోనే ఉంటే ఏమవుతుంది? కనీస నిల్వ ఎంత ఉండాలన్నది రిజర్వు బ్యాంకు నిర్ణయించదు, ఆయా బ్యాంకులదే ఆ నిర్ణయం. 2025 ఆగస్టులో ఒక పెద్ద ప్రైవేటు బ్యాంకు కొత్త ఖాతాలకు నగరాల్లో సగటు నిల్వను రూ.50,000కు పెంచి, విమర్శలు రావడంతో రూ.15,000కు దించినప్పుడు, ఇది నియంత్రణ పరిధిలోని విషయం కాదని రిజర్వు బ్యాంకు గవర్నరే చెప్పారు. మరోపక్క స్టేట్ బ్యాంకు 2020 మార్చిలోనే ఈ షరతును ఎత్తేసింది. 2025లో కెనరా బ్యాంకు, పంజాబ్ నేషనల్ బ్యాంకు, ఇండియన్ బ్యాంకు కూడా అదే బాట పట్టాయి. పింఛను ఖాతాలకు అనేక బ్యాంకులు సొంతంగా మినహాయింపు ఇస్తున్నాయి. ఇవన్నీ బ్యాంకుల విధానాలు. ఖాతాదారుడి హక్కులు కావు కాబట్టి, రేపు అవి మారవచ్చు.

బ్యాంకుకు స్వేచ్ఛ ఉన్నది ఎంత నిల్వ అడగాలన్న దానిలోనే. నిల్వ తగ్గినప్పుడు జరిమానా ఎలా వేయాలన్న దానిలో లేదు. 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, నిల్వ తగ్గిందని బ్యాంకు ముందుగా ఎస్ఎంఎస్, ఈమెయిలు, లేదా ఉత్తరం ద్వారా తెలపాలి. ఆ తర్వాత కనీసం ఒక నెల గడువివ్వాలి. అప్పటికీ సరిచేయకపోతేనే ఛార్జీ వేయాలి, అదీ తగ్గిన మొత్తానికి అనుపాతంలో ఉండాలి. ఉదాహరణకు కనీస నిల్వ రూ.2,000 అనుకుందాం. ఖాతాలో సగటున రూ.1,400 ఉంటే లోటు రూ.600. బ్యాంకు రేటు లోటులో 6 శాతమైతే ఛార్జీ రూ.36, జీఎస్టీతో రూ.42.48. లోటు వంద రూపాయలైనా వెయ్యి రూపాయలైనా ఒకే మొత్తం కోసేస్తుంటే ఆ లెక్కను ప్రశ్నించవచ్చు. కేవలం ఈ ఛార్జీ వల్లనే ఖాతా సున్నా కన్నా కిందికి, అంటే మైనస్‌లోకి పోకూడదన్న నియమం కూడా ఇందులోనే ఉంది. ఖాతాలో ముప్పై రూపాయలే ఉంటే మిగతా పన్నెండూ మైనస్‌గా రాసుకుని, వచ్చే నెల పింఛనులోంచి పట్టుకోవడం ఆ నియమానికి విరుద్ధం.

ముందుగా తెలపాలన్న షరతు చాలా ఇళ్లలో ఆచరణలో నీరుగారిపోతోంది. ఖాతాకు జతచేసిన ఫోన్ నంబరు ఎప్పుడో మానేసిన సిమ్‌ది అయి ఉంటుంది, లేదా ఎక్కడో దూరాన ఉద్యోగం చేస్తున్న కొడుకుదై ఉంటుంది. కొడుకు ఫోనుకు వచ్చిన హెచ్చరిక ఊళ్లో ఉన్న తల్లికి చేరదు. నంబరు మార్పించుకోవడం శాఖలో ఒక దరఖాస్తుతో అయ్యే పని.

ఏటీఎం సంగతి కొంత వేరు. మామూలు సేవింగ్స్ ఖాతాకు సొంత బ్యాంకు ఏటీఎంలలో నెలకు అయిదు లావాదేవీలు ఉచితం. ఇతర బ్యాంకుల ఏటీఎంలలో మహానగరాల్లో మూడు, మిగతా చోట్ల అయిదు ఉచితం. మన రెండు రాష్ట్రాల్లో మహానగరం లెక్కలోకి వచ్చేది హైదరాబాదు ఒక్కటే కాబట్టి అక్కడ మూడు, విజయవాడలోనో వరంగల్లులోనో అయితే అయిదు. చాలామంది గమనించని మెలిక ఏమిటంటే, ఈ లెక్కలోకి డబ్బు తీయడమే కాకుండా నిల్వ చూసుకోవడమూ వస్తుంది. పింఛను పడిందా లేదా అని నెల మొదటి వారంలో ఎదురుగా ఉన్న ఏ ఏటీఎంలోనో మూడుసార్లు చూసుకుంటే, హైదరాబాదులో ఆ నెల ఇతర బ్యాంకుల కోటా అయిపోయినట్టే. నిల్వ తెలుసుకోవడానికి దాదాపు ప్రతి బ్యాంకుకూ మిస్డ్ కాల్ నంబరు ఉంటుంది.

ఇక వయసు వల్ల దక్కేవాటి విషయానికి వద్దాం. వీటికి ఆధారం 2017 నవంబరు 9న రిజర్వు బ్యాంకు జారీ చేసిన ఉత్తర్వు. శాఖలో వృద్ధులకు ప్రత్యేక కౌంటరు లేదా వారికి ప్రాధాన్యమిచ్చే కౌంటరు ఉండాలి. పింఛనుదారు బతికే ఉన్నారని తెలిపే లైఫ్ సర్టిఫికెట్టును పింఛను ఇచ్చే బ్యాంకుకు చెందిన ఏ శాఖలోనైనా తీసుకోవాలి. అడిగితే ఏడాదికి కనీసం 25 చెక్కులు ఉచితంగా ఇవ్వాలి, వాటి కోసం మనిషి స్వయంగా రావాలని పట్టుబట్టకూడదు. కేవైసీ (ఖాతాదారుడి గుర్తింపు పత్రాల పరిశీలన) పూర్తయిన ఖాతాను, బ్యాంకు దగ్గరున్న పుట్టిన తేదీ ఆధారంగా, దానంతటదే సీనియర్ సిటిజన్ ఖాతాగా మార్చాలి. చివరి మాట దగ్గరే చాలామంది తడబడతారు. ఖాతా సీనియర్ సిటిజన్ వర్గంలోకి మారినంత మాత్రాన అది ప్రాథమిక ఖాతా అయిపోదు, కనీస నిల్వ షరతూ దానంతటదే తొలగదు. డెబ్బయ్యేళ్లు దాటినవారికి, వైద్యుడు ధ్రువీకరించిన దీర్ఘవ్యాధి లేదా వైకల్యం ఉన్నవారికి ఇంటి దగ్గరే నగదు ఇవ్వడం, తీసుకోవడం, కేవైసీ పత్రాలు, లైఫ్ సర్టిఫికెట్టు సేకరించడం వంటి సేవలు అందించాలని కూడా ఉత్తర్వు చెప్పింది. అవి ఉచితంగా ఇవ్వాలని మాత్రం అనలేదు. ప్రభుత్వ రంగ బ్యాంకులు కలిసి నడుపుతున్న ఇంటివద్ద సేవలకు ఒక్కోసారి సాధారణంగా రూ.75, దానిపై జీఎస్టీ పడుతుంది. లైఫ్ సర్టిఫికెట్టు ఒక్కదానికే అయితే పోస్ట్‌మ్యాన్ ఇంటికి వచ్చి రూ.70కే చేసిపెడతాడు. ఫోన్లో ముఖం చూపించి చేసుకుంటే ఖర్చేమీ ఉండదు.

ఛార్జీ కన్నా పెద్ద దెబ్బ ఒక్కోసారి ఖాతా పనిచేయకపోవడం వల్ల తగులుతుంది. 2024 మేలో, ఎన్నికల వేళ వాలంటీర్లను పక్కన పెట్టాల్సి రావడంతో, ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ చేరే పింఛను సొమ్మును ఖాతాలున్నవారికి బ్యాంకుల్లో జమచేశారు. మండే ఎండల్లో బ్యాంకుల ముందు వృద్ధులు బారులు తీరారు. ఏళ్ల తరబడి పింఛను చేతికే అందడంతో బ్యాంకు గడప తొక్కనివారు వారిలో ఎందరో. రెండేళ్లపాటు ఖాతాదారుడు చేసిన లావాదేవీ ఏదీ లేకపోతే ఖాతా నిద్రాణమవుతుంది. అందులో డబ్బు పడినా, కేవైసీ సరిచేస్తే తప్ప బయటికి రాదు. అలా నిద్రాణమైన ఖాతాను తిరిగి తెరవడానికి ఏ రుసుమూ తీసుకోకూడదని, దానిపై కనీస నిల్వ జరిమానా వేయకూడదని, కేవైసీని సొంత శాఖలోనే కాకుండా ఏ శాఖలోనైనా తీసుకోవాలని 2024 ఏప్రిల్ 1 నుంచి నిబంధన ఉంది. ఖాతా నిద్రపోయినా వడ్డీ మాత్రం జమవుతూనే ఉండాలి. తెలంగాణలో రూ.2,016 చొప్పున ఇచ్చే వృద్ధాప్య పింఛను బ్యాంకులు, తపాలా కార్యాలయాల ద్వారానే అందుతుంది కాబట్టి అక్కడ ఖాతా కదులుతూనే ఉంటుంది.

తపాలా కార్యాలయం ప్రస్తావన వచ్చింది కనుక ఒక చిన్న సంగతి. అక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాలో రూ.500 ఉండాలి, ఆర్థిక సంవత్సరం చివరికి అంతకన్నా తగ్గితే రూ.50 కోస్తారు, నిల్వ సున్నా అయితే ఖాతాయే మూసేస్తారు.

సరైన గుర్తింపు పత్రాలు లేనివారికి తెరిచే ‘చిన్న ఖాతా’ను కూడా చాలాచోట్ల జీరో బ్యాలెన్స్ ఖాతా అనే పిలుస్తారు. దానికి హద్దులున్నాయి. ఏ సమయంలోనూ నిల్వ రూ.50,000, ఏడాది మొత్తం జమలు రూ.1,00,000, నెలకు తీసేది రూ.10,000 మించకూడదు. ప్రభుత్వం వేసే సంక్షేమ సొమ్ముకు మాత్రం నిల్వ పరిమితి అడ్డురాదు. పొలం అమ్మిన డబ్బు జమ చేయబోతే ‘ఈ ఖాతాలో పడదు’ అని శాఖలో అన్నారంటే, అది ప్రాథమిక ఖాతా మీద ఉన్న నిషేధం కాదు, చిన్న ఖాతాకు ఉన్న హద్దు. ఆధార్ వంటి పత్రమిచ్చి కేవైసీ పూర్తి చేయిస్తే ఆ హద్దులు పోతాయి.

కోత అన్యాయమని తేలితే ముందు శాఖకే రాసివ్వాలి. నోటిమాటగా అడిగితే ‘సిస్టమ్ కట్ చేసింది’ అనే జవాబుతో సరిపెడతారు. కాగితం మీద తేదీ, మొత్తం, ఖాతా రకం, కనీస నిల్వ విషయమైతే హెచ్చరిక ఎప్పుడు పంపారన్న ప్రశ్న రాసి, నకలు మీద శాఖ ముద్ర వేయించుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సంతృప్తికరంగా లేకపోయినా బ్యాంకుల మీద వచ్చే ఫిర్యాదులను పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు అక్కరలేదు. ఎలా చేయాలో 14448 నంబరుకు ఫోన్ చేస్తే చెబుతారు. ఆ ముద్ర పడిన నకలు, కోత కనిపించే పాస్‌బుక్కు పేజీ ఫిర్యాదుకు జతచేయాలి.